ఇంటిపెద్ద పేరు

చోడవరం, 1956. వానలు ఇంకా పడలేదు. గెడ్డ ఒడ్డు పాకలవాళ్లకు మిట్ట మీద స్థలాలిస్తామని పంచాయతీ గుమస్తా పేర్లు రాసుకుంటున్నాడు. ఆఖరి పాక ముందు అత్తాకోడళ్లు.

"చిన్నతల్లి ఏటన్నాదో తెలుసా అత్తా? మిట్ట మీద అందరికీ పెంకుటిళ్లూ, నుయ్యీనట. మనకి మాత్రం ఈ గెడ్డేనట. మొగుడు లేని కొంపకి పట్టా ఎవడిస్తాడని నవ్విందట. సన్యాసమ్మ సెప్పింది."

"దాని మొగుడుండి ఏటి సేసేడే దేముడమ్మా? తాగి ఈ గెడ్డలోనే దొర్లతాడు. అదిగో, గుమస్తాబాబు వస్తన్నాడు. రండి గణపతిరావుబాబూ."

"ఇంటిపెద్ద పేరు చెప్పు, అప్పలనరసమ్మా."

"దాసు. నా కొడుకు."

"ఏడీ? వేలిముద్ర వెయ్యాలి."

"ఆయన రంగమెళ్లేడు బాబూ. ఓడెక్కి."

"రంగూనా? జపానువాడు బాంబులేసినప్పుడే అంతా నడిచి వచ్చేశారు కదమ్మా! పద్నాలుగేళ్లయింది."

"రానోళ్లూ ఉన్నారు. ఆయనొస్తాడు."

"చూడు దేముడమ్మా. మొగుడుంటే అతని వేలిముద్ర కావాలి. పోతే పెళ్లాం పేరున పట్టా. పోయాడని ఒక్క మాట అను, నీ పేరు రాసేస్తాను. సాయంత్రం లిస్టు తాసీల్దారు గారికి వెళ్లిపోతుంది."

"నుదుటిని బొట్టెట్టుకుని, నా నోటితో ఆ మాటనమంటారా?"

"కాగితం మీదేనమ్మా. నీ బొట్టు నేను తుడుస్తానా?"

"వద్దు బాబూ. మాకీ గెడ్డే బాగుంది."

"ఏం బాగు? నిరుడు మీ అత్త మంచం మీద కూర్చుంటే మంచం కిందనుంచి నీళ్లు పారాయి. ఈ ఏడు ఆ గోడ ఆగదు."

"ఒసే, బాబుకి మజ్జిగట్టుకురా."

"మజ్జిగెక్కడిదత్తా మనింట్లో?"

"మంచినీళ్లయినా తే."

"కుండ ఖాళీ. ఏటత్తా, నన్నెందుకు లోపలికి తోలేస్తన్నావు?"

"అయితే ఉండు. ఉండి ఇనుకో. బాబూ, రాసీండి. దాసు పోయేడని రాసీండి."

"అత్తా! పట్టా కోసం కన్నకొడుకుని సంపీస్తావా?"

"నేను సంపడమేటి? ఆడు పోయేడు."

"ఎవరు చెప్పారు, అప్పలనరసమ్మా?"

"ఆడితో కూడా నడిసొచ్చిన కోటపాడోడు బాబూ. కొండదారిలో వాంతులూ విరేచనాలూ అయ్యి... ఆడే మట్టి కప్పేడట. ఈ గుమ్మంలోనే కూకోని సెప్పేడు. ఇది ఆ రోజు వడ్డాది సంతకెళ్లింది."

"ఎప్పుడత్తా?"

"ఆ ఏడే."

"ఆ ఏడే అంటే... అత్తా, అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. బస్సొచ్చిన ప్రతిసారీ నేను పరిగెత్తుకెళ్లి సూస్తంటే, నువ్వు సూస్తూ కూకున్నావా? పద్నాలుగేళ్లు! ఎందుకు సెప్పలేదత్తా? ఎందుకు?"

"సెప్తే మారుమనువెళ్లిపోదువు. నాకు గంజెవరు పోస్తారే?"