వీధి దీపం పన్ను

మెల్లగా తమ్ముడూ, మెల్లగా! అది తలుపు, నీ పగవాడు కాదు. స్క్రూడ్రైవరు పెట్టి అలా పొడిస్తే చెక్క చీలిపోదూ? ఎలాగూ తీసుకుపోతావు, ఆ తీసుకుపోయేదేదో సరిగ్గా తీసుకుపో. మీ మున్సిపాలిటీ షెడ్డులో ఎండకీ వానకీ పడి ఉండాల్సిందేగా, అక్కడికి వెళ్లేదాకా అయినా దాని ఒళ్లు హూనం కాకుండా చూడు.

పై మడత బందు కాస్త మొండిది. రంగు పేరుకుని స్క్రూ తల పూడుకుపోయింది. ముందు రంగు గీకు. ఆఁ, అలా.

మాట్లాడవేం? ఓహో, నోటి నిండా స్క్రూలా! సరేలే, నువ్వు మాట్లాడక్కర్లేదు, తల ఊపు చాలు. నేను మాత్రం ఊరుకోలేను. ఇంటి తలుపు ఊడదీస్తుంటే నోరు కుట్టుకుని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

బిల్లు కలెక్టరు గుమ్మం దాకా రాలేదేం? వ్యాన్లోనే కూర్చున్నాడా, సందు మొదట్లో? వ్యాను సందులో పట్టదని ఆగాడా, నా మొహం చూడలేక ఆగాడా? అలా భుజాలెగరేస్తే నాకేం అర్థమవుతుంది!

పన్ను కట్టకపోతే తలుపు పట్టుకుపోతాం అన్నారు. అదీ రూలు. ఇంట్లో సామాను ముట్టుకోకూడదట, గిన్నెలూ మంచాలూ తీసుకుపోతే మనిషి బతుకు దెబ్బతింటుందట. తలుపు తీసుకుపోతే మాత్రం బతుకు చెక్కుచెదరదు! ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ. ఆడది ఒంటరిగా ఉన్న ఇంటికి తలుపు లేకపోతే తెల్లారేసరికి పరిగెత్తుకొచ్చి కట్టేస్తుందని వాళ్ల ధీమా. చాలామంది తెల్లారేదాకా కూడా ఆగరటగా, నిజమేనా?

చూశావా, తల ఊపావు.

నేను కట్టలేక కాదు తమ్ముడూ. అది నువ్వు తెలుసుకోవాలి. డబ్బు ఇంట్లోనే ఉంది, అదిగో, ఆ బీరువాలో, మా ఆయన చొక్కాల కింద. కట్టను, అంతే. మొత్తం కట్టనని కాదు. ఇంటి పన్ను కడతాను. కుళాయిలో నీళ్లు చుక్క చుక్క రాలినా సరే, నీళ్ల పన్ను కడతాను. చెత్త పన్ను కడతాను. కానీ బిల్లులో ఇంకోటుంటుంది చూడు, అన్నిటికంటే కింద, వీధి దీపం పన్ను అని. అదొక్కటి కట్టను. ఏ వీధి? ఏ దీపం? చూపించమను, ఇప్పుడే కడతాను.

కౌంటరు దగ్గర ఇదే మాట అడిగాను. "దీపం తీసేసి బిల్లియ్యి బాబూ, మిగతాది తీసుకో" అన్నాను. "కడితే మొత్తం కట్టాలమ్మా, కంప్యూటరు ముక్కలు ముక్కలుగా తీసుకోదు" అన్నాడు. కంప్యూటరు తీసుకోదట! మరి కంపెనీకి అన్నిటికన్నిటికీ సున్నాలు వేశారే, అవెలా మింగిందయ్యా ఆ కంప్యూటరు?

ఏ కంపెనీ ఏంటి? మనూళ్లో ఉన్నది ఒకటేగా, టైర్ల కంపెనీ. అది వస్తోందన్నప్పుడు ఊరంతా ఎంత సంబరపడ్డాం! నేనూ పడ్డాను, అబద్ధం ఎందుకు? స్థలం దాదాపు ఊరికే ఇచ్చారు. కరెంటు సగం ధరకిచ్చారు. పదేళ్లు పన్నే లేదన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కొత్తగా వచ్చినవాళ్లు కదా, కాలు నిలదొక్కుకోనీ అనుకున్నాం.

ఆ పదేళ్లూ అయిపోయాయి. ఇక కడతారు, ఊరికి నాలుగు మంచి పనులు జరుగుతాయి అనుకుంటుండగానే ఏమన్నారు? పక్క ఊళ్లో స్థలం చూసుకున్నాం, వెళ్లిపోతాం అన్నారు. అంతే! చైర్మన్ గారికి ముచ్చెమటలు పోశాయి. కాళ్లావేళ్లా పడి మళ్లీ మాఫీ చేశారు. పైపెచ్చు వాళ్ల గేటు ముందు రోడ్డుకి కొత్త దీపాలు, వాటికయ్యే కరెంటు ఖర్చు మున్సిపాలిటీదే. మున్సిపాలిటీ అంటే ఎవరు? నువ్వూ నేనూ.

నన్ను తప్పుగా అనుకోకు, అందులో మనవాళ్లకి పనులు దొరకలేదని నేననను. మా మరిది అందులోనే చేస్తాడు. "కంపెనీని ఏమీ అనొద్దు వదినా, మా పిల్లల నోటి దగ్గర కూడు అది. ఆ ముష్టి దీపం పన్ను నేను కట్టేస్తాను, వదిలెయ్" అంటాడు. మంచివాడు, నిజంగానే కట్టేస్తాడు కూడా. నువ్వు కడితే మళ్లీ నా గడప తొక్కకు అన్నాను. అప్పటి నుంచి పాపం గడప బయటే నిలబడి పలకరించి పోతున్నాడు.

ఓ సంగతి చెప్పనా, నవ్వుకుంటావు. మున్సిపాలిటీ మీటింగుకి వెళ్లాను. జనం మధ్యలో లేచి నిలబడి, "అయ్యా, నేను కూడా ఊరొదిలి వెళ్లిపోతాను, నాకు కూడా పన్ను మాఫీ చెయ్యండి" అన్నాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వారు చూడూ, హాలు దద్దరిల్లిపోయింది! చైర్మన్ గారు కళ్లు తుడుచుకుంటూ, "అలాగే వెళ్లమ్మా, వెళ్లేముందు బాకీ కట్టి వెళ్లు" అన్నారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, అందరూ నవ్వుతుంటే మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఁ, ఊడిందా పైది? పట్టుకోనా? వద్దులే అంటావేం, బరువు తమ్ముడూ, ఒరిగితే నీ కాలి మీదే పడుతుంది. నేనిటు ఆనుకుని పట్టుకుంటాను, నువ్వు మధ్య బందు చూసుకో.

మీ షెడ్డులో ఇలాంటివి చాలా ఉన్నాయా? గోడకి వరసగా నిలబెట్టి ఉంటాయా? అన్ని తలుపులు, ఒక్కదాని వెనకా ఇల్లు లేకుండా... వద్దు, తలచుకుంటేనే అదోలా ఉంది. కంపెనీ గేటు కూడా ఉందా అక్కడ? ఏంటి ఆ నవ్వు? ఆ గేటు ఊడదీసే స్క్రూడ్రైవరు నీకింకా ఇవ్వలేదా?

నిన్ను అనడానికి మాత్రం నాకు నోరు రావట్లేదు. ఎందుకంటే మా ఆయన కూడా నీలాంటివాడే. పైనుంచి ఏం చెబితే అది చేసేవాడు.

నీకు తెలియదా? వీధి దీపాలాయన అంటే ఊళ్లో ఎవరైనా చెబుతారు. మున్సిపాలిటీలో ఆయన పని అదే. చీకటి పడే వేళకి సైకిలేసుకుని వెళ్లి, ఒక్కో స్తంభం దగ్గర ఆగి స్విచ్చి వేసుకుంటూ వచ్చేవాడు. పెళ్లైన కొత్తలో నన్ను డాబా మీదకి తీసుకెళ్లి, "అదిగో, ఆ వరసంతా నేను వెలిగించిందే" అని చూపించాడు. ఆకాశంలో చుక్కల్ని కూడా తనే వెలిగించినంత గొప్ప!

పన్ను కౌంటరు తెరిచిన రోజే వెళ్లి కట్టేసి వచ్చేవాడు. ఇంట్లో ఎన్ని అవసరాలున్నా సరే, ముందు పన్ను. "మనం కట్టకపోతే నేనేం పెట్టి వెలిగించనే?" అనేవాడు. అంత పిచ్చి నమ్మకం.

మళ్లీ మాఫీ ఇచ్చిన ఏడాదే ఆర్డరొచ్చింది. నిధులు తక్కువయ్యాయి, కంపెనీ గోడ వెనక రోడ్డు దీపాలు తీసెయ్యమన్నారు. తీసినవి పారెయ్యలేదు సుమా! కంపెనీ గేటు ముందు రోడ్డుకి బిగించమన్నారు. ఇక్కడ విప్పి అక్కడ బిగించాడు, తన చేతుల్తోనే. ఆ రోజు వచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద నోట్లో పెట్టలేదు. ఏమైంది అంటే, "ఏం లేదు, పైనుంచి చెప్పారు" అన్నాడు.

ఆ వెనక రోడ్డే ఆయన ఇంటికొచ్చే దారి. ఇప్పుడు వెళ్లి చూడు, స్తంభాలు అలాగే నిలబడి ఉన్నాయి, తలలు లేకుండా.

ఓ సాయంత్రం కంపెనీ నుంచి ఫోను. గేటు దగ్గర దీపం మిణుకు మిణుకుమంటోందట, పెద్దమనుషులెవరో వస్తున్నారట, వెంటనే రావాలట. వెళ్లాడు. బాగుచేశాడు. తిరిగొస్తున్నాడు. వెనక రోడ్డులో కాలవ మీద పలక విరిగి ఎన్నాళ్లో అయింది, కొత్త పలకకి కూడా నిధుల్లేవు. సైకిలుతో సహా ఆ కాలవలో...

పక్కనే కంపెనీ గోడ. గోడకి అవతల పట్టపగల్లా వెలుగు. ఇవతల తన చెయ్యి తనకి కనబడదు. ఆయన బాగుచేసిన దీపం ఆ రాత్రంతా వెలుగుతూనే ఉందట తమ్ముడూ. పాలవాడు చెప్పాడు. తెల్లారి ఆయన్ని ముందు చూసింది వాడే.

కంపెనీ వాళ్లు పెద్ద పూలదండ పంపారు. చైర్మన్ గారు వచ్చి, ఊరికి తీరని లోటు అన్నారు. ఆ దండ వాడిపోయి ఇంకా గోడ మీద నుంచి తీయనే లేదు, బిల్లొచ్చింది. ఆయన పేరు మీదే. వీధి దీపం పన్నుతో సహా. చెప్పు, ఏ చేత్తో కట్టను?

ఏంటలా తడుముతున్నావ్ చెక్కని? ఆ గుంటలా? పట్టకారు దెబ్బలవి. ఆయనకి వేలితో తలుపు తట్టడం ఎప్పుడూ రాదు. దీపాలన్నీ వేసేసి వచ్చి, జేబులోంచి పట్టకారు తీసి టక్, టక్, ఆగి, టక్. తలుపు పాడైపోతుందని రోజూ గొడవే.

అన్నీ పాతవి కావు.

అలా చూడకు. నాకు మతి పోలేదు. చుట్టాలందరూ వెళ్లిపోయిన మర్నాడు, దీపాలు వేసే వేళ దాటాక, వంటింట్లో ఉన్నాను. టక్, టక్... టక్. చేతిలో గిన్నె అలాగే జారిపోయింది. తలుపు దాకా వచ్చాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తియ్యలేకపోయాను.

అప్పటి నుంచి రోజూ వస్తాడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు. భయమా? భయమే, కానీ నువ్వనుకునే భయం కాదు. ఆయన కనబడతాడని కాదు తమ్ముడూ, కనబడడేమో అని. తలుపు వేసి ఉన్నంతసేపూ ఆయన బయట ఉన్నాడు. పని ముగించుకుని వచ్చి నిలబడి ఉన్నాడు. ఈ చెక్కకి చెవి ఆనించి ఇవతల కూర్చుని అన్నీ చెబుతాను. మరిది పిల్లల చదువులు చెబుతాను, కుళాయి పాడైంది చెబుతాను. పన్ను మానేశానని మాత్రం చెప్పలేదు. ఒప్పుకోడు. నా మీద కోపంతో రావడం మానేస్తాడేమో అని.

కొత్త గుంటలు ఎక్కడివంటావా? నన్నడగకు. నువ్వే వడ్రంగివి, నువ్వే చూడు. ఆ కింది రెండూ తాజావా కాదా?

...ఉండు. ఉండుండు. మళ్లీ దగ్గరికి జరుపు దాన్ని.

నువ్విప్పుడు రెక్క పక్కకి జరిపావా, సందు చివరిదాకా కనిపించింది. ఒట్టి సందు. ఆ చివర వ్యాను, ఇంకేమీ లేదు. చీకటి పడ్డాక కూడా ఇలాగే కనిపిస్తుంది కదూ? టక్ అని వినిపించడానికి చెక్క ఉండదు. నేను చూస్తూ కూర్చుంటాను, ఎదురుగా ఎవరూ లేరని తెలిసిపోతుంది.

నిన్నటిదాకా ఏమనుకున్నానో తెలుసా? తలుపు పోతే పోనీ, నా మాట నిలబడితే చాలు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! మీ మున్సిపాలిటీకి నా గుట్టు తెలియదు గానీ, సరిగ్గా చెయ్యి వెయ్యాల్సిన చోటే వేసింది.

ఆగు, ఆ కింది బందు ముట్టుకోకు! వెళ్లి ఆ బిల్లు కలెక్టర్ని పిలు. కట్టేస్తాను. అవును, మొత్తం. దీపంతో సహా. నిజంగానే అంటున్నాను, డబ్బు తెస్తున్నాను, నువ్వు పిలు ముందు. ఆ వెనక రోడ్డంతా దీపాలు జిగేలుమంటున్నాయని రసీదు మీద రాసుకోమను, నాకేం అభ్యంతరం లేదు.

అలా జాలిగా చూడకు నన్ను. కంపెనీది ఏం పోయింది? ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు, వెళ్లిపోతానంటే అందరూ కాళ్లు పట్టుకుంటారు. నేనెక్కడికి పోను తమ్ముడూ? నేను ఇల్లు కదిలితే ఆ చీకట్లో ఆయన ఎవరి తలుపు తడతాడు?

పిలిచొచ్చి తొందరగా బిగించు. పొద్దు వాలిపోతోంది.