టవర్ బావ స్పీకర్లు సెట్ చేసిన విధం

మా వీధి టీకొట్టు మీద ఒక గది ఉంది. అందులో టీకొట్టాయన వాళ్ళమ్మ ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు. జబ్బు చేసి లేచాక గొంతు కూడా పోయి, ఆవిడ మాట పక్కన కూర్చున్నవాళ్ళకే వినిపిస్తుంది. చెవులు మాత్రం పాము చెవులు. కిటికీ కింద మేమేం వాగినా పైకి చేరిపోతుంది. ఆవిడ మాట కిందకి రావాలంటే మాత్రం స్టీలు కంచం, గరిటె. ఒక మోత అంటే నీళ్లు కావాలి. రెండంటే పైకి రా. మూడు మోతలు పాలవాడి కోసం. వాడు డబ్బా వంచి పాలు పోస్తుంటే కిటికీలోంచి ధార చూసి, పల్చగా ఉంటే మూడుసార్లు కొడుతుంది. నీళ్లు కలిపాడు, తిప్పి పంపెయ్ అని అర్థం. పాలవాడు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

కిందటి వారం ఆవిడ గదిలో జారిపడింది. చేతికందిన కంచం మోగిస్తూనే ఉందట, బస్సుల హారన్లలో ఎవరికీ వినబడలేదు. కొడుకు మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళేదాకా అలా నేలమీదే ఉంది. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి ఆయనకి భయం పట్టుకుంది. సాయంత్రానికల్లా జంట స్పీకర్లు కొన్నాడు. ఒకటి పైన, ఒకటి కింద. పైన గొణిగినా కింద గట్టిగా పలుకుతుందట.

అవింకా కొట్టుకి రాలేదు. సెట్ చేసి తెస్తానని బావ పట్టుకెళ్ళాడు. బావంటే టీకొట్టాయన అక్క మొగుడు, ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి. సిగ్నల్ లేనివాళ్ళు నా పక్కన నిలబడితే చాలు అంటుంటాడు కాబట్టి వీధంతా టవర్ బావ అంటుంది. ఇంటి అల్లుడు, గట్టిగా అడగడానికి లేదు. ఇవాళ టీకొట్టాయన టీ చేతికిస్తూ మెల్లగా అడిగాడు.

"బావా, ఆ స్పీకర్లూ..."

అంతే. టవర్ బావ కాలు మీద కాలు వేసుకున్నాడు. నేను నా కొట్లో జిరాక్స్ మిషన్ ఆపేసి వచ్చాను. పక్క కొట్టు దర్జీ అక్క చేతిలో చొక్కాకి గుండీ కుట్టుకుంటూ గట్టు మీద కూర్చుంది.

"మంచి మాట అడిగావు బావమరిదీ. అసలు ఇవాళ నేనే చెబుదామనుకున్నా. అవేమైనా అల్లాటప్పా సరుకనుకున్నావా? ఇంటికి తీసుకెళ్ళి అలా ప్లగ్గు పెట్టానో లేదో, నేనింకా నోరు తెరవలేదు, చిన్నగా దగ్గాను, 'నమస్కారం బావగారూ' అంది. నా దగ్గు గుర్తుపట్టింది! ఒకటి హాల్లో పెట్టా, ఒకటి వంటింట్లో పెట్టా. మీ అక్క వంటింట్లో సణిగింది, హాల్లో నాకు స్పష్టంగా వినబడింది."

"అక్క సణిగితే స్పీకర్ అక్కర్లేదు కదా బావా, వీధి చివరికి వినబడుతుంది."

"అదే మరి! ఆ వీధి చివర దగ్గరే కథ మొదలైంది. కంపెనీవాళ్ళు దానికి రేంజి తక్కువ పెట్టారు. ఇది నాకు అవమానం కాదూ? వెనక మూత విప్పి, గొడుగు ఊచ ఒకటి విరిచి అంటించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంటింట్లో స్పీకర్ ముందు నిలబడి 'ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావే' అన్నా. ఎవరో మగగొంతుతో, 'పై అరలో, కుడిపక్క చూడండి సార్' అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది. ఎవరు బాబూ నువ్వు అంటే, విమానం నడుపుతున్నాను సార్, ఇప్పుడే మీ ఇంటి మీదుగా వెళ్తున్నాను అన్నాడు!"

"విమానంలోంచి ఉప్పు డబ్బా ఎలా కనబడింది?" అన్నాను.

"కిటికీ తెరిచే ఉంది కదయ్యా. నీకన్నీ అనుమానాలే."

"బావా, అదంతా సరే. అమ్మ పిలిస్తే నాకు వినబడుతుందా? నాకు అది చెప్పు."

"మీ అమ్మ పిలిస్తే నీకే కాదు, ఏడు సముద్రాల అవతల ఓడవాళ్ళకి కూడా వినబడుతుంది. అత్తయ్య నీళ్లడిగితే ఓడ ఆపి తెచ్చిస్తారు, అలా చేశా."

దర్జీ అక్క పళ్ళతో దారం తెంపింది. "పెట్టె ఏ రంగు అన్నగారూ?"

"తెల్ల పెట్టె తల్లీ. నీలం చార."

"పచ్చ సంచీలో ఇచ్చారా?"

"ఆ, పచ్చ సంచీయే! ఆ సంచీ కూడా తక్కువది కాదు. దండెం మీద ఆరేస్తే పక్కింటివాళ్ళ టీవీలో బొమ్మ బాగా వచ్చింది."

దర్జీ అక్క సూది చొక్కాకి గుచ్చి, లేచి తన కొట్లోకి వెళ్ళింది. టవర్ బావ అది గమనించే స్థితిలో లేడు.

"ఇంకో ఊచ అంటించా. ఈసారి పైనుంచి, మరీ పైనుంచి, అంతరిక్షంలో తిరిగేవాళ్ళ గొంతు వచ్చింది. పాపం బతిమాలుతున్నారు. 'బావగారూ, మీ గురక ఇక్కడిదాకా వస్తోంది, కాస్త పక్కకి తిరిగి పడుకోండి' అని. తిరిగి పడుకున్నా. ఎంతైనా మన మీద నమ్మకం పెట్టుకున్న మనుషులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో ఊచ. గొడుగు అయిపోయిందనుకో. మాట అంత దూరం, అంత వేగంగా వెళ్తుంటే ఏమవుతుంది? రేపటిలోకి వెళ్ళి తిరిగొచ్చింది! రేపు మీ అక్క నన్నేం తిడుతుందో ఇవాళే చెప్పేస్తోంది బావమరిదీ! కోపం రేపు, బతిమాలుకోవడం ఇవాళ. వారం అయింది, మా ఇంట్లో గొడవే లేదు."

"అక్క నిన్న ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసిందే, నువ్వేదో పారేసుకుని ఇల్లంతా తిరగేస్తున్నావని?"

"అది... అది రేపటి ఏడుపు. నీకు ముందే వచ్చింది."

దర్జీ అక్క తిరిగొచ్చింది. చేతిలో పచ్చ సంచీ. దాని మీద దారం పోగులు, గుడ్డ పీలికలు. బెంచీ మీద, టవర్ బావ టీ గ్లాసు పక్కన పెట్టింది.

"మరి ఇవాళ నేనేం అంటానో అది మీకు నిన్న చెప్పలేదా అన్నగారూ? ప్యాంటు నడుము వదులు చేయమని వచ్చినప్పుడు బల్ల కింద పెట్టారు. మరిచిపోయి వెళ్ళిపోయారు. మీదే, మీరే వచ్చి తీసుకుంటారులే అని ముట్టుకోలేదు."

టీకొట్టాయన సంచీలోంచి పెట్టె తీశాడు. తెల్ల పెట్టె, నీలం చార. సీలు కూడా తెగలేదు.

టవర్ బావ మొహంలో సంతోషం కనబడింది, అబద్ధం ఎందుకు. ఎక్కడ పారేశాడో గుర్తురాక వారమంతా వెతుక్కున్నట్టున్నాడు పాపం. కానీ నోరు ఊరుకోదు కదా.

"చూశారా! సీలు తీయకుండానే అంత పని చేయించా. తీస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!"

ఎవరూ నవ్వలేదు. టీకొట్టాయన పెట్టెని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు ఎన్నైనా చెప్పు బావా, నేను వింటాను. కానీ ఈ వారమంతా బస్సు వచ్చినప్పుడల్లా స్టవ్ ఆపేసి పైకి పరిగెత్తాను. నాకు భయమేస్తోంది" అన్నాడు. 

టవర్ బావ కాలు మీంచి కాలు దించాడు.

అప్పుడు పైనుంచి వినబడింది. టంగ్. టంగ్. టంగ్.

పాలవాడు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయాడు. పాల డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. మేమంతా మెల్లగా తల తిప్పి టవర్ బావ వంక చూశాం.

టవర్ బావ లేచి, బావమరిది చేతుల్లోంచి పెట్టె తీసుకుని చంకలో ఇరికించుకుని, చెప్పులు విడిచి మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"అందింది అత్తయ్యా, అందింది. వస్తున్నా."