ఏనుగుగుండు దాకా వచ్చిన బజారమ్మ

రాళ్లదాటు కాడ ఏటి గట్టున ఒక చింతచెట్టుంది, దాన్ని మోకుచింత అంటారు, దాని కిందికి మాత్రం ఎవరూ పోరు. కాయ కాస్తుంది, పండుతుంది, రాలుతుంది, అక్కడే పుచ్చిపోతుంది. చింతకాయ అంటే నోరూరే చూలాలు కూడా ఆ చెట్టు కాయ అంటే తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకంటారా? కాస్త దగ్గరికి జరగండి, ఆ అరుగు చివరనున్న వాళ్లు కాళ్లు పైకి తీసుకోండి, మంచు దిగుతోంది.

ఇప్పుడక్కడ మీకు కనిపించేది ఇసుక. అప్పట్లో పైన ఆనకట్ట లేదు, కింద వంతెన లేదు, ఈ గట్టున నల్లరేగడి, ఆ గట్టున ఎర్రమట్టి, మధ్యన తుంగభద్ర. పైనా కిందా అన్నీ లోతు మడుగులే, ఇక్కడొక్కచోటే నీళ్ల అడుగున బండ పరుచుకుని ఉండేది, ఎండాకాలం మోకాటి లోతులో రాయి మీద రాయి చూసుకుంటూ నడిచి దాటేవాళ్లు, ఆ పేరు అట్లా వచ్చింది. ఎవరి తాతల నాడో నలుగురు బెస్తవాళ్లు వచ్చి ఆ చింతకు పుట్లు కట్టుకున్నారు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పెద్ద బుట్ట, ఎనిమిది మంది కూర్చోవచ్చు. ఆ పుట్ల మోకులు ఒరుసుకుని ఒరుసుకుని మాను నడుముకు మొలతాడు కట్టినట్టు గాడి పడింది. సంతకు పోయేవాళ్లు, పెళ్లికి పోయేవాళ్లు, అలిగి పుట్టింటికి పోయేవాళ్లు అందరూ అక్కడే దాటాలి కాబట్టి, నాలుగు గుడిసెలు ముప్పై గడపలయ్యాయి.

ఇక వాన సంగతి. ఆ సీమలో వాన పడదు. మబ్బు వస్తుంది, పలకరిస్తుంది, పోతుంది. కానీ ఏరు ఊరుకుంటుందా? ఎక్కడో పడమటి కొండల్లో కురిస్తే, ఇక్కడ చినుకు లేకుండానే, నెత్తిన ఎండ మాడుతుండగానే వరద వచ్చేది. పైన ఆకాశం తోమిన కంచంలా ఉండేది, కింద ఏరు పొయ్యిలోకి వచ్చేది. పొరుగూరి వాళ్లకు ఇది ఎంత చెప్పినా బుర్రకెక్కదు, మీకే ఎక్కినట్టు లేదు.

ఏరు అట్లాంటిది కాబట్టి పుట్టి నడిపేవాళ్లకు ఒక కట్టు ఉండేది. ఎక్కించుకున్న మనిషిని ఎక్కిన గట్టునే మళ్లీ దింపకూడదు. వరదొస్తే ఏటవాలుగా కొట్టుకుపోనీ, రెండు కోసుల దిగువకు పోనీ, అయినా సరే ఆ పక్కనే కాలు మోపించాలి. సగంలో తిప్పి తెచ్చి దింపితే ఆ మనిషి దాటు తెగిపోతుందని వాళ్ల మాట. దాటు తెగడమంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు.

సుంకమ్మ ఆ ఊళ్లో పుట్టి నడిపిన మొదటి ఆడమనిషి. మొగుడు ఈరన్నను వరదే తీసుకుంది, ఆ తర్వాత తెడ్డు ఆమె చేతికొచ్చింది. చేను లేదు, కడుపున కాయ లేదు, మంచం పట్టిన అత్త ఒకతి ఉంది. మరిది మద్దిలేటికి ఆ రేవు మీద కన్ను. ఆడదాని చేతిలో తెడ్డా, అది అట్లకాడ అనుకున్నావా వదినా, అని నవ్వేవాడు. అట్లయితే దోసె తిరగేసినంత సులువుగా తిప్పుతా, చూస్తా ఉండు మరిదీ, అనేది ఆమె. తిప్పేది కూడా. రెండేళ్లు ఒక్కరి కాలు తడవనీయలేదు.

ఒక శ్రావణమాసం, మిట్టమధ్యాహ్నం. ఊరంతా బుడ్డల చేలలో, అదే వేరుశనగ చేలలో, కలుపు తీయడానికి పోయింది, రేవులో సుంకమ్మ ఒక్కతే. అప్పుడు పై ఊరి బజారమ్మ మూట పట్టుకుని పరుగు పరుగున వచ్చింది, ఆమె బిడ్డ హనుమక్క ఆ గట్టు ఊళ్లో కాపురం చేస్తోంది, తొలిచూలు, నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. అత్తా ఆడబిడ్డా లేని ఇల్లు. పుట్టి ఎక్కి, మూట ఒళ్లో పెట్టుకుని, బాలింతకు పెట్టే కాయం దంచినా, మెత్తటి పాతగుడ్డలు తెచ్చినా, దానికి చలి పడదమ్మా, అని చెప్పుకుంటూనే ఉంది. ఏటి నడిమధ్యన ఏనుగుగుండు అని ఒక పెద్ద బండ ఉండేది. అక్కడికి వచ్చేసరికి నీళ్ల మీద నురగ కనిపించింది. నురగ వెనక తుమ్మకాయలు, పుల్లలు. ఆ వెనక పచ్చిమట్టి వాసన. ఈరన్న పోయిన రోజు వచ్చింది ఆ వాసనే.

ఏటవాలుగా తోసుకుపోతే ఆ గట్టు అందేదేమో. సుంకమ్మ చేతులు మాత్రం ఆమెను అడగలేదు, పుట్టిని ఇటు తిప్పేశాయి.

"ఏందమ్మా తిప్పుతాండావు?"

"వరదొస్తాంది పెద్దమ్మా."

"యాడమ్మా వరద? నెత్తి మాడతాంటే! ఆ గట్టున కాలు పెట్టించు, నీకు దండం పెడతా, నా బిడ్డ అరుస్తాంటది."

సుంకమ్మ వినలేదు. ఎక్కిన గట్టునే, మోకుచింత కిందే దింపింది, ఊళ్లోకి పో పెద్దమ్మా అని అరిచి పుట్టిని వీపున వేసుకుని పైకి పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూస్తే బజారమ్మ మూట పట్టుకుని చెట్టు కిందే నిలబడి ఆ గట్టు వైపే చూస్తోంది. మళ్లీ చూసేసరికి చెట్టు సగం నీళ్లలో ఉంది. ఆమె ఏట్లోకి నడిచిందో, ఏరే వచ్చి ఎత్తుకుందో చూసినవాళ్లు లేరు. శవం దొరకలేదు.

అడిగినవాళ్లకు సుంకమ్మ ఏం చెప్పింది? వచ్చింది, ఏరు చూసింది, తిరిగి పోయిందనుకున్నా, నేనైతే పుట్టి ఎక్కించుకోలేదు, అని చెప్పింది. సగంలో తిప్పినట్టు తెలిస్తే రేవు పోతుంది. రేవు పోతే ఆమెకు ఇంకేముంది చెప్పండి?

వరద తీసింది. ఆ గట్టు నుంచి ఎవరో కేకేస్తే ఒంటరిగా బయల్దేరింది. పుట్టిలో ఒక్కరే పోతే ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి, ఎదురుగా గుమ్మడికాయంత రాయి పెట్టుకోవడం అలవాటు. రాయి కోసం వంగింది, ఇంకా ఎత్తనే లేదు, పుట్టి ఎదుటి అంచు అరచెయ్యంత కిందికి దిగింది. ఎవరో ఎక్కి, మోకాళ్లు ముడుచుకుని, చీర సర్దుకుని కూర్చుంటే ఎట్లా దిగుతుందో అట్లా. కళ్లకు మాత్రం ఏమీ లేదు. సుంకమ్మ తెడ్డేసింది. ఏనుగుగుండు కాడికి రాగానే ఆ బరువు ఒక్కసారిగా పోయింది, పుట్టి ఎగిరిపడి, బొంగరంలా తిరిగి, ఆమె నీళ్లలో పడబోయింది.

ఆనాటి నుంచి ప్రతిసారీ ఇంతే. ఈ గట్టున ఎక్కుతుంది, ఏనుగుగుండు కాడ పోతుంది. సుంకమ్మ రాయిని కాళ్ల మధ్య పెట్టుకుని, అక్కడికి రాగానే ఎదుటి అంచుకు తోసేది. గట్టు మీద నుంచి మద్దిలేటి చూశాడు. వదినా, రాయి లేకుండానే పుట్టి సమంగా పోతాందే, మాకు పెట్టకుండా ఏం తింటాండావు, అని ఎకసెక్కమాడాడు. ఆమె నవ్వలేదు. అది చూసి వాడూ నవ్వు ఆపేశాడు.

అత్త మంచం మీదే ఉన్నా చెవులు ఏటి మీదుండేవి. ఒక రోజు గంజి తాగించబోతే గిన్నె పక్కకు తోసి, నీ తెడ్డు చప్పుడు ఇద్దరు మనుషుల బరువు లాగుతున్నట్టుంది, ఎవరే అది, అని అడిగింది. సుంకమ్మ అత్త కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పింది. ముసలామె కప్పు కేసి చూస్తూ, దాటు తెగినవాళ్లను పుట్టి దాటించలేదమ్మా, ఆ గట్టు నుంచి తనవాళ్లు పిలవాలి, పిలిస్తేనే ఏనుగుగుండు దాటి వస్తారు, అంది. ఆ బిడ్డ పిలుస్తుందా అత్తా, అంటే, నువ్వు నిజం చెప్పకుండా ఎందుకు పిలుస్తుందే, అంది.

సుంకమ్మ పోలేదు. నాలుగు నెలలు పోలేదు. మనుషులం కదా. కానీ బరువు రోజురోజుకూ పెరిగింది. మార్గశిరం వచ్చింది, ఏటి మీద పొగమంచు పట్టింది, ఒక పొద్దున ఐదుగురే ఎక్కినా నీళ్లు అంచుకు రెండు వేళ్ల దూరానికి వచ్చాయి. ఏనుగుగుండు కాడ బరువు వదిలేసరికి పుట్టి గిర్రున తిరిగి, చంటిదాన్ని ఎత్తుకున్న ఒక బాలింత సగం బయటికి వంగిపోయింది. పక్కనున్న ముసలాయన కొంగు పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ గట్టున వాళ్లను దింపి, సుంకమ్మ తెడ్డు అక్కడే వదిలేసి, ఎర్రమట్టి దారి పట్టి హనుమక్క ఇంటికి నడిచింది.

హనుమక్క గడప కాడ కూర్చుని చీరతో కట్టిన ఉయ్యాల ఊపుతోంది. మీ యమ్మ గురించి మాట్లాడాలి అనగానే ముఖం తిప్పుకుంది.

"మా యమ్మ పేరెత్తొద్దు అక్కా. రెండు రోజులు చచ్చి బతికినా. అమ్మా అని అరిచి అరిచి గొంతు పోయింది. ఏరు చూసి తిరిగి పోయిందంట, ఆ పోయే దారిలోనే వరదకు చిక్కిందంట. నీళ్లకు భయపడే మనిషి నన్నెందుకు కన్నాది?"

"తిరిగి పోలేదు. పుట్టి ఎక్కినాది."

ఉయ్యాల ఆగింది.

"నేనే తిప్పినా. నా పానం కోసం తిప్పినా. దండం పెడతానన్నాది, అయినా తిప్పినా."

హనుమక్క ఏం చేస్తుందనుకున్నారు? చీపురు తిరగేస్తుంది, మన్నెత్తి పోస్తుంది అనే సుంకమ్మ కూడా అనుకుంది. ఆమె మెల్లగా లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎంత దూరం వచ్చినాది?"

"ఏనుగుగుండు దాకా."

"ఏనుగుగుండు దాకానా?"

"ఊ. మూట ఒళ్లో పెట్టుకుని. నీకు చలి పడదని దారంతా చెప్తానే ఉండె."

"సగం ఏరు వచ్చినాదా మా యమ్మ!" అని హనుమక్క అరచేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తీసి, "నాలుగు నెలలుగా తిడతా ఉండా అక్కా దాన్ని. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టుకునేది?" అంది.

మరునాడు పొద్దున పొగమంచు ఎంత కమ్మిందంటే తెడ్డు కొస తెడ్డుకే కనబడలేదు. ముందు రోజే సుంకమ్మ పుట్టిలో బరువు సంగతీ, అత్త చెప్పిన మాటా హనుమక్కకు చెప్పి, ఏనుగుగుండు కాడికి రాగానే తెడ్డుతో పుట్టి అంచును కొడతాను, అప్పుడు పిలువు, అని వచ్చింది. మోకుచింత కాడ ఎదుటి అంచు దిగింది. బయల్దేరారు, ఇద్దరూ. గుండు నల్లగా పక్కకు వచ్చింది, బరువు కదలడం మొదలైంది, మనిషి లేవబోతూ అరికాళ్లు ఆనించినట్టు. సుంకమ్మ అంచును కొట్టింది. అటు నుంచి ఏమీ లేదు. మళ్లీ కొట్టింది. మంచు, నీళ్ల చప్పుడు, అంతే. పుట్టి ఒరుగుతోంది, నీళ్లు మోకాళ్ల మీదికి వస్తున్నాయి. మూడోసారి కొట్టలేదు, హనుమక్కా అని గొంతు చించుకుని అరిచింది.

అప్పుడు వచ్చింది మాట. ఏడుపు కాదు, బతిమాలడం కాదు, ఇంట్లో తల్లిని కసిరే బిడ్డ గొంతు.

"ఎంతసేపే అమ్మా! ఎప్పుడనగా బయల్దేరినావు! బిడ్డకు నీళ్లు పోసేవాళ్లు లేరు, ఎసరు పెట్టొచ్చినా, రా, పోదాం!"

ఎదుటి అంచు మెత్తగా కిందికి దిగింది. దిగి, నిలబడింది. ఏనుగుగుండు వెనక్కి పోయింది.

గట్టున ఇసుక తగిలింది, ఎవరో దిగినట్టు పుట్టి పైకి లేచింది. హనుమక్క సుంకమ్మ వైపు చూడలేదు. చంటిదాన్ని భుజాన వేసుకుని వెనుదిరిగి, కొంచెం పక్కకు తల వంచి, ఇంత ఆలస్యమా, ఆ మూట ఇటియ్యి, జారుడుంది చూసి నడువు, అని కసురుతూనే మంచులోకి పోయింది. మాట చాలా దూరం దాకా వినిపించింది. బదులు మాత్రం, వినిపించిందని సుంకమ్మ ఎన్నడూ చెప్పలేదు, వినిపించలేదనీ చెప్పలేదు.

ఆమె అక్కడే ఒక రాయి ఏరుకుని పుట్టిలో పెట్టుకుని ఇవతలికి వచ్చి, ఊళ్లో పెద్దమనుషుల ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కట్టు తప్పినందుకు రేవు మద్దిలేటికి పోయింది. నీళ్లు మోసి, వలలు అల్లి బతికింది. నిద్ర పట్టేదంట, అది చాలు.

ఇక్కడికి అయిపోతే మోకుచింత కిందికి మీరూ నేనూ ఎందుకు పోకూడదు? పదో రోజు మద్దిలేటి పరిగెత్తుకుంటూ వదిన గుడిసెకు వచ్చాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. వదినా, నాకూ రాయి అక్కర్లేకుండా పోయింది, అన్నాడు. బజారమ్మ పోయింది కదరా, అంటే, ఒక్కరు కాదు వదినా, అంచు నాలుగు పక్కలా దిగుతాంది, అన్నాడు. అత్త మంచం మీద నుంచి విని, మీ తాతలు ఎంతమందిని తిప్పినారో ఎవరు చెప్పినారురా, ఒకరు దాటినారంటే కబురు పాకదా, అంది. వాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? ఆ గట్టున వాళ్ల బిడ్డలు ఎవరు, మనవలు ఎవరు? పిలిచే గొంతేది? మద్దిలేటి ఏడాది నడిపి పుట్టి బోర్లించేశాడు. తర్వాత ఆనకట్ట వచ్చింది, వంతెన వచ్చింది, ఏరు ఇసుకైంది, ముప్పై గడపలూ రోడ్డు మీదికి జరిగాయి. దాటు తెగినవాళ్లు మాత్రం ఆ చెట్టు కిందే కూర్చున్నారు.

అప్పట్లో వాళ్లకు పట్టింపుండేది, తమవాళ్లు పిలిస్తేనే లేచేవాళ్లు. కూర్చుని కూర్చుని ఇప్పుడు ఆ పట్టింపు పోయిందంటారు, ఎవరు పిలిచినా లేస్తారంట. మొన్న ఇసుకకు వచ్చిన ట్రాక్టరాయన కూలీలను కేకేసి, ఎక్కండి పోదాం, అన్నాడు. ట్రాక్టరు తొట్టిలో ఇంకా గంపెడు ఇసుక పడలేదు, చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి.

కాబట్టి పోవాలంటే వంతెన మీద పోండి. ఎద్దు తప్పిపోయో, తొందరపడో అటుగా పోవాల్సి వస్తే నోరు మూసుకుని నడవండి. మేకనైనా సరే, అక్కడ రా, పోదాం అనకండి. మేక రాకపోవచ్చు.