నర్సక్క వేసిన కేక

ఏమిటే, అంబులెన్సు నడపడానికి పేరిచ్చొచ్చావా? జీతం లేకుండానా? మీ అమ్మకు చెప్పావా? సరేలే, నేను చెప్తాలే. ఇలా కూర్చో. అటు కాదు, ఇటు, ఆ చెవి పనిచేయడం మానేసి చాలా రోజులైంది. మీ తాత కూడా ఒకప్పుడు అలా పేరిచ్చినవాడేనే. అప్పుడు ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాణ్ణి. ఐసు సంగతి నీకేం తెలుసు, కాస్త ఆలస్యమైతే దిమ్మ కాస్తా నీళ్ళు. అందుకని నా కాలు ఎప్పుడూ యాక్సిలరేటరు మీదే. ఊళ్ళో అందరూ కలిసి కొన్న అంబులెన్సు ఒక్కటుండేది, దానికి మాలాంటివాళ్ళం ఖాళీ ఉన్నప్పుడు డ్రైవర్లం. నేర్పింది ఎవరనుకున్నావ్? నర్సక్క. కాన్పుల ఆసుపత్రిలో రిటైరైంది. ఆవిడకు బండి నడపడం రాదు! సైకిలు కూడా రాదు. నవ్వకు. స్ట్రెచరు మీద పడుకుని, బెల్టులు బిగించుకుని, కళ్ళు మూసుకుని "ఊఁ, పోనివ్వు నాయనా" అనేది. నాకూ ఆవిడకూ మధ్య అరచేయంత కిటికీ. అందులోంచి వచ్చేది గొంతు. "ఇది బడి మలుపు. బ్రేకు ఆలస్యంగా వేశావు, నా మెడ కుడివైపు పోయింది. నా మెడ పోతే పోయింది, పైనుంచి పడ్డవాడి మెడైతే?" నాతోపాటు టైలరొకాయన నేర్చుకునేవాడు, ఆయన్ని తెగ మెచ్చుకునేది. నన్ను మాత్రం "ఐసుగడ్డా, ఇక్కడ కరిగిపోయేది ఏదీ లేదు, నెమ్మది." మూడుసార్లు ఫెయిలు చేసింది మీ తాతని. నవ్వకన్నానా!

అన్నిటికంటే కష్టం ఆ కేకలు. ఉన్నట్టుండి పేషెంటు తాలూకు మనిషిలా ఏడుపు గొంతు పెట్టేది. "అయ్యో, పోతున్నాడయ్యా, తొక్కు, తొక్కు, నీకు పిల్లలు లేరా!" తొక్కామా, ఫెయిలు. "రైలు గేటు పడుతుంటే కిందనుంచి దూరొద్దు. ఎవరు చెప్పినా వద్దు. నేను చెప్పినా వద్దు" అని ఒట్టు కూడా వేయించుకుంది. దేవుడి మీద వేశానే, ఊరికే కాదు.

ఇంతకీ నాలుగోసారి పరీక్ష. పొద్దున పది గంటలు. మార్కెట్టు వెనక వీధిలో మేడ కడుతున్నారు. జనం అడ్డొచ్చి బండి ఆపేశారు. పరంజా మీదనుంచి తాపీ పనివాడు పడ్డాడు. మంచి వయసువాడు, చొక్కా నిండా సిమెంటు. రక్తం చుక్క కూడా లేదు, అదే మమ్మల్ని మోసం చేసింది. నర్సక్క బెల్టులు విప్పుకుని దిగి, వాడి మెడ రెండు చేతులతో పట్టుకుని, తను పడుకున్న స్ట్రెచరు మీదికే ఎక్కించింది. వాడి అన్న స్కూటరు మీద మా వెనకాలే బయల్దేరాడు. నాకు చెమటకి స్టీరింగు జారుతోంది. గుంత గుంతకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ పోనిచ్చాను. వెనక ఆవిడ వాణ్ణి మాటల్లో పెట్టింది, "ఇంట్లో ఎవరెవరున్నారు బాబూ? చిన్నదానికి ఎన్నేళ్ళు?" వాడు చెప్తున్నాడు. కాసేపయ్యాక ఆవిడ గొంతొక్కటే వినబడుతోంది. ఇంతలో రైలు గేటు. గంట మోగింది, గేటు అప్పుడే కిందికి కదిలింది, రైలు ఇంకా కనబడలేదు. సందుంది. బండి పట్టేంత. కిటికీలోంచి కేక. "ఆగకు! దాటెయ్ నాయనా, దాటెయ్!"

నేను బ్రేకు వేశాను.

ఎందుకేమిటే, అదే గొంతు! నెలన్నరగా ఏ గొంతుతో నన్ను ఫెయిలు చేస్తోందో అచ్చం అదే గొంతు. పరీక్ష అనుకున్నాను. వెనక మనిషి ఉన్నాడని తెలుసు, అయినా పరీక్షే అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, లోపల కాస్త సంతోషపడ్డాను కూడా, ఈసారి దొరకనక్కా నీకు అని. వచ్చింది గూడ్సు. ఎంతకీ తెగదు, డబ్బా వెనక డబ్బా. ఆవిడ మళ్ళీ అరవలేదు. పరీక్షయితే అరుస్తూనే ఉండేదిగా. అప్పుడు తెలిసింది నాకు.

ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి, "కడుపులోపల రక్తం పోయింది. కాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్ళం" అన్నాడు. అంతే అన్నాడు. చూసేవాళ్ళం అంటే, బతికేవాడనా? వాడి అన్న వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "గేటు సగం కూడా పడలేదు, నా కళ్ళతో చూశాను, ఎందుకాపావురా?" నర్సక్క మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడింది. మనిషి నా భుజం దాకా వస్తుంది, అంతే. "అతన్ని వదిలెయ్ బాబూ. ఆపమన్నది నేను. కొట్టేదుంటే నన్ను కొట్టు." కొట్టలేదు. అక్కడే గోడకి జారగిలబడి ఏడ్చాడు. ప్రార్థన చెయ్యందే మంచినీళ్ళు కూడా ముట్టని మనిషే ఆవిడ, నాకోసం అంత అబద్ధం ఆడింది.

మర్నాడు పాసైన కాగితం తెచ్చి ఐసు వ్యాను సీటు మీద పెట్టింది. వద్దక్కా అన్నాను. "నేర్పినట్టే చేశావు. నేర్పింది నేను" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరికి నేర్పినా కేకలు వెయ్యలేదు. ఆవిడ పోయేదాకా పదకొండేళ్ళు ఆ బండి నేనే నడిపాను, వెనక ఆవిడ. ఎంతమందిని ఒడ్డున పడేశామో ఆ పైవాడికి తెలుసు. ఆ గేటు మాట మాత్రం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే నన్ను క్షమించానంటుందేమో, లేకపోతే తననే క్షమించమంటుందేమో. ఏదైనా తట్టుకోలేను నేను.

ఏమిటీ? రేపు నీకు బండి నేర్పే మాస్టారు అలా కేకేస్తే ఏం చెయ్యాలనా?

మబ్బు పట్టింది, ఆ దండెం మీది బట్టలు తియ్యవే.