మెట్ల మీంచి పడ్డ పిల్లలు

బడిలో పెద్దసారు గది. తలుపు వేసి ఉంది. బల్లకు అవతల ఆయన, ఇవతల బడి నర్సు, మధ్యలో రెండు పుస్తకాలు.

“ఆ పుస్తకం ముట్టుకోకు నర్సమ్మా. మందుల పుస్తకంలో రాయి, చాలు.”

“అందులో రాసీ రాసీ విసుగొచ్చింది సార్. ఈసారి ఫిర్యాదుల పుస్తకంలోనే రాస్తాను. ఇందులో పడితేనే కదా పైవాళ్లు చూసేది.”

“నాలుగేళ్లుగా ఇందులో ఒక్క అక్షరం పడలేదు. రేపు తనిఖీకొచ్చి, పిల్లలకి భద్రమైన బడి అని ఫలకం ఇస్తామంటుంటే, ఇవాళ మొదలుపెడతావా?”

“పిల్ల మణికట్టు విరిగింది. డ్రిల్ మాస్టారు బెత్తంతో...”

“నువ్వు చూశావా?”

“వాత చూశాను.”

“అదీ. వాత చూశావు, మాస్టారిని చూడలేదు. పిల్లలన్నాక ఆడతారు, పడతారు.”

“పడతారు. ఈ ఏడాది పద్నాలుగు మంది పడ్డారు, అందరూ ఒకేచోట. ఇదిగో, మందుల పుస్తకం. మెట్ల మీంచి పడెను. మెట్ల మీంచి పడెను. మెట్ల మీంచి...”

“రాసింది నువ్వేగా.”

“నేనే. మాస్టారు చెప్పాడు, నేను సిగ్గులేకుండా రాశాను. ఇందాక కట్టు కడుతుంటే ఈ పిల్ల, ఏడేళ్ల పిల్ల, అడక్కుండానే అంది. ‘మెట్ల మీంచి పడ్డానని రాసుకోండి ఆంటీ’ అని. మన బడికి మెట్లెక్కడున్నాయి సార్?”

“గొంతు తగ్గించు.”

“ఉన్నదొక్కటే అంతస్తు. మెట్లెక్కడున్నాయి?”

“అయితే బెంచీ అని రాయి. బెంచీ మీంచి పడిందని.”

“ఛీ, మీ మాటకీ, నా రాతకీ.”

“నర్సమ్మా, బడి పేరు...”

“ఇది రాయకపోతే ఆ పిల్ల మళ్లీ ఆయన పీరియడ్‌కే పోవాలి. ఇంకో చెయ్యి మిగిలుంది కదా.”

“పోదులే. నెల రోజులు డ్రిల్లుకి రానక్కర్లేదని చెప్పేశాను.”

“ఎవరికి చెప్పారు? నేనింకా పిల్ల పేరే చెప్పలేదు. మీరు తట్టుకోలేరని, మెల్లగా చెబుదామని...”

“మాస్టారు నీకంటే ముందొచ్చి చెప్పాడు.”

“తెలిసే కూర్చున్నారా? మీ మనవరాలు సార్.”

“తెలుసు. మా అమ్మాయికి ఫోన్ కూడా చేశాను. మెట్ల మీంచి పడిందని చెప్పాను.”