ఏటి రంగు చెప్పిన మరిది

ఏరు సముద్రంలో కలిసేచోట, పడవల రేవు పక్కన టీకొట్టు. నాలుగు రోజులుగా నీళ్లు పచ్చగా మారాయని, విషమేమోనన్న భయంతో ఎవరూ చేపల వేటకు పోవడం లేదు. ఆ సాయంత్రం శాటిలైట్ ఫొటోల ఆఫీసులో పనిచేసే మరిది వచ్చి బల్ల మీద కూర్చోగానే అందరూ చుట్టూ మూగారు. పడవ నడిపే వదినకి అతని నోటి సంగతి కొత్త కాదు. అయినా రేపు వేటకు వెళ్లాలో వద్దో తేలాలి కదా అని ఓ చెవి అటు పడేసింది.

"మొన్న ఫొటో చూశానా, ఏటి నోట్లో సన్నటి పచ్చచార. నాచు అని ఇట్టే పట్టేశా. మా పెద్దసారు అద్దాలు తుడుచుకుని చూసినా ఆయనకి ఆనలేదు!"

"నీ చూపు అలాంటిదిలే," అన్నాడు టీకొట్టాయన.

"అక్కడితో ఆగానా? ఫొటో ఇంకా పెద్దది చేస్తే నాచు కింద చేప కనపడింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది ఆవలించింది! పళ్లు లెక్కపెట్టా, ఒకటి పుచ్చిపోయింది."

వల అల్లే తాతకి టీ పొలమారింది. "చేపకి పుచ్చుపన్నా!"

"వినవయ్యా తాతా! ఇంతలో మబ్బు అడ్డొచ్చింది. ఊరుకుంటానా? 'కాస్త కిందికి దిగమ్మా' అన్నా శాటిలైట్‌ని. పాపం, మబ్బుని మోచేత్తో నెట్టుకుంటూ దిగొచ్చి మా డాబా మీద బట్టల తీగకి చిక్కుకోబోయింది! దాని అద్దం మీద బెత్తెడు మందాన చుక్కల దుమ్ము. నా తువ్వాలుతో తుడిచి పైకి పంపించా. ఇహ అప్పుడు చూడాలి, ఏ నీటిబొట్టు ఏ కొండ దిగొచ్చిందో ఇంటిపేరుతో సహా కనపడింది!"

వదిన గ్లాసు కింద పెట్టింది.

"అంత చూసినవాడివి, మొన్న పొద్దున నా పడవ ఎందుకెక్కావు మరిదీ? 'వారంగా మబ్బే వదినా, ఫొటోలో తెల్లదుప్పటి తప్ప ఏమీ లేదు, నీళ్ల రంగు నువ్వే చూపించు' అని బతిమాలిందెవరు? సీసాలో నీళ్లు పట్టబోయి ఏట్లో పడితే జుట్టు పట్టి లాగిందెవరు?"

బల్ల చుట్టూ నవ్వులు. మరిది మొహం కందిపోయింది. "పడలేదు వదినా... లోతు చూద్దామని దిగాను."

"సర్లే. ఆ సీసా నీళ్లు పరీక్ష చేశారా?"

"చేశారు. విషం లేదట. ఇవాళ పొద్దున్నే చెప్పారు, వేటకు పోవచ్చని."

వదిన చీర కొంగు నడుముకి బిగించి లేచింది.

"ఆకాశంలో శాటిలైట్‌ని దించావు గానీ, నోట్లోంచి ఆ ఒక్క ముక్క దించడానికి ఇంతసేపా నాయనా!"