ఎర్రకళ్ళు కనిపించని సినిమా

నేను హాలీవుడ్ స్టూడియోలో గౌన్లు ఇస్త్రీ చేసే రోజుల్లో ఒకసారి, గుడ్డతెరకు అవతల కథానాయికా, మేకప్ ఆవిడా మాట్లాడుకోవడం విన్నాను.

"పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉన్నాను పిన్నీ. ఈ కళ్ళు చూసైనా షూటింగ్ ఆపి నన్ను బాబు దగ్గరికి పంపరా?"

"పిచ్చిదానా, నలుపు తెలుపు సినిమాలో ఎర్రకళ్ళు ఎవరికి కనిపిస్తాయే? తలెత్తు, పౌడరు అద్దుతాను."

"అక్కడ ఆస్పత్రిలో వాడికి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే, ఇక్కడ నేను పెళ్ళికొడుకు మొహాన కేకు కొట్టి పకపకా నవ్వాలా?"

"ఆ నవ్వు కోసమే కదే జనం వచ్చేది. కదలకు, కాటుక చెదురుతుంది."

"ఆస్పత్రికి ఫోన్ చేస్తానన్నావు, చేశావా?"

"చేశాను."

"ఏమన్నారు?"

"నవ్వే సీను అయ్యేదాకా నీకు చెప్పొద్దని డైరెక్టరుగారన్నారు తల్లీ."